బక్కదాని కనీస బరువు

పైలట్ల గది,
పరీక్షా విమానాశ్రయం

ఆడపడుచుకి,

క్షేమమా అని అడగను. చల్లటి గదిలో కూర్చుని గీతలు గీసేవాళ్లకి ఏమవుతుంది? ఇక్కడ ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టించుకుంటారని నీకు తెలుసు. వరండాలో ఉన్న ఒక్క ఫోన్లో మాట్లాడితే క్యాంటీన్ వాళ్లతో సహా అందరూ వింటారు. నేను నీతో అనబోయేవి నలుగురూ వినదగ్గ మాటలు కావు. అందుకని ఉత్తరం.

పొద్దున నోటీసు బోర్డు మీద మీ బరువుల విభాగం వాళ్ల సర్క్యులర్ అంటించారు. కొత్త యుద్ధవిమానం ఎక్కే పైలట్ అరవై కిలోలకు తగ్గకూడదట. కింద మూడు సంతకాలు. మూడోది నీది, ఆ తోక తిప్పిన సంతకం.

నా బరువు యాభై మూడు. తెలియదనకు. ఒకే ఇంట్లో ఉన్నాం. నా చొక్కాలు నీకు పట్టవని ఎన్నిసార్లు మూతి ముడిచావో నాకు గుర్తుంది.

ఆ విమానానికి ప్లైవుడ్ నమూనా చేసినప్పటి నుంచి నేను దానితో ఉన్నాను. అందులో కూర్చుని ఈ మీట చేతికి అందడం లేదు, ఈ తెర ఎండలో కనిపించడం లేదు అని చెప్పి మార్పించింది నేను. మొదటిసారి అది రన్‌వే మీద పరుగెత్తినప్పుడు లోపల ఉన్నది నేను. "బక్కది" అని ముద్దుపేరు పెట్టింది కూడా నేనే. ఇప్పుడు బక్కదాన్ని నడపడానికి నేను మరీ బక్కగా ఉన్నానట. భోజనాల దగ్గర ఒకడు తన గుడ్డు తీసి నా పళ్లెంలో వేసి "తినండి మేడం, దేశానికి అవసరం" అన్నాడు. బల్ల బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో గుడ్డు పడేది.

వచ్చే నెల నుంచి ఆయుధ పరీక్షలు. అవి నావి. వాటిలో నేను లేకపోతే ఆ విమానం తయారై దళాల్లోకి వెళ్లాక కూడా నా మొహం చూడదు. ఏ మూలో కుర్రాళ్లకి శిక్షణ విమానం తిప్పుతూ నా ఉద్యోగం అయిపోతుంది.

నువ్వెందుకు చేశావో నాకు తెలుసు. మీ అన్నయ్య పిల్లదాన్ని స్కూలుకి తీసుకెళ్తున్నాడని, జడలు వెయ్యడం నేర్చుకుంటున్నాడని నీకు మొదటి నుంచీ కడుపుమంట. నన్ను ఇంటికి రప్పించడానికి ఇన్నాళ్లకి దారి దొరికింది. ఆ గీత చెరిపించు. ఎలా చెరిపిస్తావో నాకు అనవసరం.

వదిన

*

డిజైన్ ఆఫీసు, మూడో అంతస్తు,
కిటికీలు లేని వైపు

వదినకి,

చల్లగాలి కంప్యూటర్లకి. నా బల్ల దాకా వచ్చేసరికి అది ఎవరో వదిలిన ఊపిరిలా ఉంటుంది. సరే, అది నా బాధ.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో చదివాను. రెండోసారి అందులో విమానం గురించి ఒక్క మాటైనా ఉందేమోనని వెతికాను. నమూనా నాది, పేరు నాది, పరీక్షలు నావి. అది ఎందుకు పుట్టిందో మర్చిపోయినట్టున్నావు, గుర్తు చేస్తాను.

పెద్ద విమానాలు కొనలేని వాళ్ల కోసం పుట్టింది. ఒకే ఇంజను, ఒకే మనిషి. పొద్దున ఆకాశానికి కాపలా కాయాలి, మధ్యాహ్నం నేల మీద గురి చూసి కొట్టాలి, సాయంత్రం పొట్ట కింద కెమెరా తగిలించుకుని ఫొటోలు తెచ్చిపెట్టాలి. మూడు పనులకి మూడు విమానాలు కొనుక్కునే వాళ్లు వేరే ఉన్నారు. రన్‌వే మీద గుంటలు పడితే తిన్నగా ఉన్న రోడ్డు మీదైనా దిగాలి. ఇంజను మార్చడం వీధి చివర గ్యారేజీ పనిలా అయిపోవాలి. ఇవన్నీ కుదరాలంటే ఒకటే దారి, బరువు తగ్గడం. ఒక కిలో పెరిగిందనుకో, దాన్ని మోయడానికి రెక్క పెరుగుతుంది. రెక్క పెరిగితే చక్రాల కాళ్లు లావెక్కుతాయి. వాటిని మోయడానికి ఇంధనం, ఇంధనానికి మళ్లీ చోటు. ఒక్క కిలో గుమ్మంలోకి వచ్చిందంటే వెనకాల చుట్టాలందర్నీ పిలుచుకొస్తుంది. ఆ మొదటిదాన్ని గుమ్మంలోనే ఆపడం మా ఉద్యోగం. అందుకే ఈ ఆఫీసులో మమ్మల్ని ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు.

ఇక సీటు. ప్రమాదం వస్తే సీటు కింద రాకెట్ పేలి పైలట్‌ని బయటికి విసిరేస్తుంది, నీకు చెప్పక్కర్లేదు. ఖరీదైన విమానాల్లో ఆ సీటు మనిషి బరువు చూసుకుని తన్నుతుంది. లావుపాటి వాణ్ని గట్టిగా, సన్నటి వాణ్ని మెల్లగా. ఆ సర్దుబాటు పెట్టె బరువూ మా డిజైన్ ఆఫీసు పెద్దాయనకి నచ్చలేదు, ధరా నచ్చలేదు. తీసేశాం. ఇప్పుడు మన సీటు అందర్నీ ఒకేలా తంతుంది. నీలాంటి దాన్ని తంతే నీ సన్నటి మెడ, దాని మీద గురిచూపే ఆ బరువైన హెల్మెట్, రెండూ చెరో దారి పడతాయి. పుల్లకి గుమ్మడికాయ గుచ్చి విసిరినట్టు. అందుకే గీత.

నీ గురించి ఆలోచించి ఆ సంతకం పెట్టలేదు వదినా. నీ గురించి అసలు ఆలోచించలేదు. రెండోదే నీకు ఎక్కువ మండుతుందని తెలిసే రాస్తున్నాను.

కడుపుమంట అన్నావు కాబట్టి చెబుతున్నా. మొన్న చిన్నదాని స్కూల్లో "మా అమ్మ" అని బొమ్మ వేయమన్నారు. కాగితం నిండా నీలం రంగు పూసింది. అమ్మ ఏదమ్మా అని టీచరు అడిగితే "దూరంగా ఉంది, కనపడదు" అందట. అన్నయ్య దాన్ని ఫ్రిజ్‌కి అంటించి వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోతున్నాడు. నాకు మురిపెం రాలేదు.

గీత చెరగదు.

ఆడపడుచు

*

పైలట్ల గది,
పరీక్షా విమానాశ్రయం

బరువుల విభాగం వారికి,

నేను అరవై ఒకటి.

మళ్లీ చదువుకో. అరవై ఒకటి. డాక్టరు కళ్లజోడు సర్దుకుని సూది చూశాడు, రాశాడు, ముద్ర వేశాడు. అరటిపళ్లు, పాలు, బంగాళాదుంపలు, మళ్లీ అరటిపళ్లు. మీ గీతకి ఇవతలి వైపు ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

పరీక్షలు మొదలయ్యాయి. విమానం గురించి ఒక్క మాటా లేదన్నావుగా, ఇదిగో. మొన్న రెక్కల కొసలకి రెండు క్షిపణులు తగిలించుకుని పైకెళ్లాను. పాత పెద్ద విమానం ఒకటి శత్రువు వేషం కట్టి వచ్చింది. అది మలుపు తిరగాలంటే ఆకాశమంతా కావాలి, ఇరుకు బజార్లోకి వచ్చిన టూరిస్టు బస్సులాగ. బక్కది సందులో సైకిల్లా తిరిగింది. ఆ ముసలిది ఇంకా ముక్కు తిప్పుతూనే ఉంది, దాని తోక నా గురిలో ఉంది. రేడియోలో దాని పైలట్ "ఏం చేశావే" అన్నాడు. అన్నేళ్ల సీనియర్, నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు, పొరపాట్న వచ్చేసింది పాపం.

దిగాను. నేను టీ తాగి కప్పు కడిగి పెట్టేలోపు కింద వాళ్లు క్షిపణులు విప్పేసి బాంబులు తగిలించారు. అదే విమానం. అదే నేను. కొండ పక్కన సున్నంతో గీసిన వలయం మధ్యలో ఒక పాత లారీ పెట్టారు. ఇప్పుడు లారీ లేదు.

వంకలు లేవని కాదు. ఇంధనం గుక్కెడే. కాసేపు తిరగ్గానే సూది అడుగు చూపిస్తుంది, ఇంటికి పోదాం పద అని గోల. బాంబులతో లేచేటప్పుడు ముక్కు బరువెక్కి మొండికేస్తుంది. అయినా సరే, ఇన్నేళ్లలో నేను ఎక్కినవన్నీ నన్ను మోశాయి. ఇదొక్కటే నా మాట వింటుంది.

వచ్చే వారాంతం ఇంటికి వస్తున్నాను. చిన్నదానికి చెప్పు. నువ్వు ఇంట్లో ఉంటే ఉండు, లేకపోతే మరీ మంచిది. నీ సంతకం మీద కూర్చుని ఎగురుతున్నాను, మెత్తగానే ఉంది.

వదిన

*

డిజైన్ ఆఫీసు,
మూడో అంతస్తు

శ్రీమతి పైలట్ గారికి,

ఇకనుంచి మీరు అనే రాస్తాను. నువ్వు అనిపించుకునే చనువు మీరు పోగొట్టుకున్నారు.

మీరు వచ్చారు, వెళ్లారు, ఇల్లంతా నవ్వులు. అన్నయ్య మొహం అలా వెలగడం చూసి చాలా కాలమైంది, అందుకే అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు తెరుస్తున్నాను.

ఆదివారం పార్కులో చిన్నది మనిద్దర్నీ బలవంతంగా తూగుడుబల్ల ఎక్కించింది. అటు మీరు, ఇటు నేను. మనం ఒకరి ఎదురుగా ఒకరు కూర్చోవడం ఆ రోజంతా అదొక్కసారే. నేను యాభై తొమ్మిది. మీరు అరవై ఒకటి అయితే నేను పైకి లేవాలి కదా? మీరు లేచారు. మీ కాళ్లు గాల్లో వేలాడాయి. చిన్నది చప్పట్లు కొట్టి "అమ్మ ఎగిరింది" అంది. అన్నయ్య ఫొటో తీశాడు.

అప్పటికీ నేను బల్ల అరిగిపోయిందేమో, ఒక వైపు పొడుగేమో అనుకునేదాన్ని. కానీ మీరు నవ్వుతూ నవ్వుతూ మెల్లగా వెనక్కి జరిగారు. బల్ల చివరికంటా జరిగి, ఇద్దర్నీ సమంగా తూచారు. దూరం జరిగితే తక్కువ బరువు కూడా ఎక్కువ తూగుతుందని తెలిసినవాళ్లు ఆ పార్కులో ఇద్దరమే ఉన్నాం. మీరు నా కళ్లలోకి చూడలేదు. నేను మీ కాళ్లనే చూస్తున్నాను.

మిగతాది ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. మీ డాక్టరు మొహమాటస్తుడు. ఆడ పైలట్‌ని సూటు విప్పి తూగమని అడగలేడు. సూటుతో సహా తూచి, సూటుకి ఇంత అని ఓ అంకె తీసేస్తాడు. సూటు తొడల మీద రెండు పెద్ద జేబులు. విమానం ముక్కు సమతూకం కోసం మా విభాగం మీ హ్యాంగరుకి సీసపు పట్టీలు పంపుతుంది, అరచేతి వెడల్పున, మెత్తగా, ఎలా కావాలంటే అలా వంగేవి. ఇంకా చెప్పమంటారా? సీసం జేబుల్లోనే పెట్టుకుని ఎగురుతున్నారు కూడా. లేకపోతే విమానం సమతూకం లెక్కలు ఎప్పుడో నా బల్ల మీదికి వచ్చేవి, అరవై ఒకటి ఏదీ అని అడుగుతూ.

అరటిపళ్లట.

మీరు నన్ను మోసం చేస్తే నవ్వుకునేదాన్ని. ఆ సీటుని మోసం చేస్తున్నారు. దానికి వదినా ఆడపడుచూ తెలియదు. ఎక్కే ముందు మీ అంతట మీరే కమాండరుకి చెప్పండి. చెప్పకపోతే నేను చెబుతాను. ఇది బెదిరింపే, వేరే పేరు పెట్టను.

మీ ఆడపడుచు

*

పరీక్షా విమానాశ్రయం

ఏమే,

మీరు, గారు. నీ నోటికి ఆ మర్యాద ఎంత ఎబ్బెట్టుగా ఉందో.

అవును, సీసమే. ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. తొడల జేబుల్లో, పట్టీలు వంచి, పైన మ్యాపు మడిచి పెట్టాను. ఇప్పుడు నువ్వు ఇంజనీరువి కదా, జవాబు చెప్పు. సీటు కింద రాకెట్‌కి మాంసమేదో సీసమేదో తెలుస్తుందా? దానికి కావలసింది అరవై కిలోలు. నేను ఇస్తున్నాను. విమానం ముక్కుకి కావలసిన బరువూ ఇస్తున్నాను. మీ లెక్కలన్నీ నా జేబుల వల్లే సరిపోతున్నాయి, దండం పెట్టాలి నాకు.

ఇంకోటి. అరవై అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? నువ్వు రాసిన పుల్లా గుమ్మడికాయా కథ బాగుంది. ఎవరి మెడ విరిగింది? ఎప్పుడు? రాకెట్ బండి మీద సీటు పెట్టి బొమ్మ మనుషుల్ని విసిరి చూస్తారుగా, అందులో అన్నిటికంటే తేలికైన బొమ్మ ఎంత? నేను చెప్పనా? అరవై. నమూనా రోజుల్లో ఆ షెడ్డుకి వచ్చాను నేను, ఒక్కోదాన్నీ ఎత్తి చూశాను. అన్నీ మగ బొమ్మలే. వాటిలో బక్కవాడు అరవై. అక్కడితో మీ బొమ్మలు అయిపోయాయి, అక్కడే గీత గీశారు. దాని కింద మెడ విరుగుతుందని మీకు తెలియదు. విరగదనీ తెలియదు. అటువైపు ఎవరూ చూడలేదు. చూడని చోట గోడ కట్టి, సంతకం పెట్టి, నాకు పాఠం చెబుతావా?

ఈ ఏడాది శిక్షణ ముగించుకుని ఇద్దరు అమ్మాయిలు మా దళంలోకి వస్తున్నారు. ఒకదాన్ని పిచ్చుక అంటారు. నాకంటే బక్కది, నాకంటే బాగా నడుపుతుంది, ఆ మాట దాని ముందు ఎప్పుడూ అననులే. నేను ఇప్పుడు దిగిపోతే ఆ గీత అలాగే ఉండిపోతుంది. వాళ్లు నిచ్చెన దగ్గరికి కూడా రాలేరు.

చెప్పుకో. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో నువ్వున్న గదిలోకి నేను రాను.

వదిన

*

డిజైన్ ఆఫీసు,
కింది అంతస్తు

వదినా,

చెప్పాను. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నిన్ను విమానం నుంచి దించి సూటు పట్టుకెళ్లారని, విచారణ పెడతారని విన్నాను.

చెప్పే ముందు నీ ఉత్తరం పట్టుకుని బొమ్మల షెడ్డుకి వెళ్లాను. గోడకి ఆనించి వరసగా కూర్చోబెట్టారు వాటిని, డాక్టరు పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు. అన్నీ మగవే. చివర ఉన్నది బక్కవాడు, భుజం మీద అరవై అని రాసి ఉంది. వాడి పక్కన ఖాళీ బెంచీ. నేను ఇన్నాళ్లూ సంతకాలు పెట్టే భవనానికి ఆ షెడ్డు ఎదురుగా ఉంటుంది. ఒక్కసారి లోపలికి తొంగిచూసి ఉంటే సరిపోయేది.

కాబట్టి ఆ విషయంలో నువ్వు అన్నది నిజం. దాన్ని పట్టుకుని ఊరేగకు. నీ మెడకి ఏమవుతుందో నాకు తెలియదని తేలింది, అంతే. తెలియనిదాని మీద నిన్ను కూర్చోనివ్వను. అక్కడి నుంచి నేరుగా పెద్దాయన గదికి వెళ్లి రెండూ చెప్పాను, నీ సీసం, మా బొమ్మలు.

సీసం గురించి వింటున్నంతసేపూ ఆయన తల ఊపాడు. "సొంత వదినని కూడా చూడకుండా చెప్పావు, మెచ్చుకోవాలి" అన్నాడు. బొమ్మల మాట ఎత్తగానే మొహం మారింది.

"తేలిక బొమ్మ ఇప్పుడు దేనికమ్మా? గీత గీశాంగా. దాని కింద ఎవరూ ఎక్కరు. అయిపోయింది."

"ఎక్కారు కదండీ" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు నువ్వు చూసి ఉంటే నీ కోపం కాస్త చల్లారేది. బొమ్మకి ఒప్పుకున్నాడు, కొత్తది కొనకుండా ఉన్నవాటితో చేసుకోవాలన్నాడు. నన్ను బరువుల విభాగం నుంచి తీసి కింది అంతస్తులో రంగుల లెక్కకి వేశాడు. విమానం తోక మీద రాసే అంకెల రంగు ఎంత బరువుంటుందో చూడటం ఇప్పుడు నా ఉద్యోగం. నవ్వుకో, నీకు హక్కుంది.

వర్క్‌షాపు వాళ్లు పాత బొమ్మ ఒకదాన్ని కోసి, కాళ్లూ చేతులూ కుదించి, మెడ సన్నం చేస్తున్నారు. ఆడమనిషి కొలతలు కావాలన్నారు. నీ అలమరలోంచి పాత ఫ్లయింగ్ సూటు తెచ్చి ఇచ్చాను. నిన్ను అడగలేదు. అడిగితే ఇచ్చేదానివి కాదు. బొమ్మ సరిగ్గా నీ ఎత్తు, నీ బరువు. అది ఎవరి సూటో నేను చెప్పాను, అదొక పొరపాటు. ఇప్పుడు వర్క్‌షాపంతా దాన్ని "వదిన" అంటున్నారు. "వదినని ఇటు తిప్పరా", "వదిన మోకాలు బిగించు", "మెల్లగా, వదినకి కోపమొస్తుంది." టీ వేళకి దాని ఒళ్లో గ్లాసులు పెడుతున్నారు.

అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. జడ వేస్తూ చిన్నదానితో చెబుతున్నాడు, "అత్తయ్యని నూనె సీసా అందించమను" అని, నేను పక్కనే ఉన్నా.

ఆడపడుచు

*

పరీక్షా విమానాశ్రయం

ఇక రాయకు. నీ ఉత్తరం వస్తే చింపకుండానే తిప్పి పంపేస్తాను. నా సూటు తాకే హక్కు నీకెవరిచ్చారు?

*

డిజైన్ ఆఫీసు,
కింది అంతస్తు

వదినా,

తిప్పి పంపినా ఫరవాలేదు, మళ్లీ పంపుతాను. ఇది నువ్వు తెలుసుకోవలసింది, నా నోటి నుంచే తెలుసుకోవలసింది.

రాకెట్ బండి పరీక్ష మూడుసార్లు చేశారు.

మొదటిసారి నీ బొమ్మని సీసం లేకుండా, ఉన్న బరువుతోనే కూర్చోబెట్టారు. బండి పట్టాల మీద దూసుకెళ్లింది, సీటు పేలింది, బొమ్మ పైకి లేచింది, గొడుగు విచ్చుకుంది. మెడలో అమర్చిన పరికరం చూశారు. హద్దుకి దగ్గరగా, కానీ లోపలే. మెడ నిలిచింది. యాభై మూడు కిలోల ఆడమనిషి ఆ సీటులోంచి బతికి బయటపడుతుంది. కుర్రాళ్లు కేకలు పెట్టారు, "వదిన పాసయింది" అని. నేనూ అరిచానేమో, గొంతు బొంగురుపోయింది. నీ మీద అంత కోపంలో ఉండి కూడా.

అక్కడితో చాలన్నాడు పెద్దాయన. నేను వద్దన్నాను. నువ్వు ఎగిరినట్టే ఒకసారి విసరాలి, తొడల జేబుల్లో సీసం పెట్టి, పైన మ్యాపు మడిచి. నువ్వు అడిగావుగా, రాకెట్‌కి మాంసమేదో సీసమేదో తెలుస్తుందా అని.

రాకెట్‌కి తెలియలేదు. సీటుకి తెలిసింది. బరువంతా ముందుకి, మోకాళ్ల వైపు చేరేసరికి సీటు లేస్తూనే ముందుకి మొగ్గేసింది. తల ఒక్కసారి గుండెల మీదికి పడి, మళ్లీ వెనక్కి. మెడ కీలు తెగిపోయింది. హెల్మెట్ ఒక్కటే పట్టాల వెంట చాలా దూరం దొర్లింది. దాన్ని తేవడానికి వెళ్లినవాడు చేతుల్లో పట్టుకుని తెచ్చాడు, చంకలో పెట్టుకోలేదు.

ఆ తర్వాత షెడ్డులో ఎవరూ దాన్ని వదిన అనలేదు.

మెడ మార్చి, బొమ్మని యాభై కిలోలకి తగ్గించి మూడోసారి విసిరారు, మెడ హద్దు అంచున నిలిచింది, కనీస బరువు యాభైకి తగ్గించారు. కొత్త సర్క్యులర్ వస్తుంది, దాని మీద నా సంతకం ఉండదు, రంగులవాళ్లకి సంతకం లేదు. నీ బరువుకి అనుమతి వచ్చింది. నీకు రాదు. డాక్టరుని మోసం చేసినందుకు పరీక్షల నుంచి శాశ్వతంగా తీసేస్తున్నారని పెద్దాయన చెప్పాడు. నువ్వు ఊరికే కూర్చుని నాతో పోట్లాడుతూ ఉంటే ఈపాటికి ఆ విమానంలో ఉండేదానివి. నేను ముందే ఆ షెడ్డు తలుపు తీసి ఉంటే కూడా ఉండేదానివి. ఏది ఎక్కువ అని నేను తేల్చుకోలేకపోతున్నాను, నువ్వు తేల్చేసి ఉంటావు.

రెండో పరీక్షని తీసిన ఫిల్ము మీ కమాండరుకి పంపారు. చూడు అనను, చూడొద్దు అనను.

ఆడపడుచు

*

పైలట్ల గది,
పరీక్షా విమానాశ్రయం

ఆడపడుచుకి,

చూశాను. ముందు వరసలో కూర్చోబెట్టి చూపించారు.

మోచేతి దగ్గర అతుకు కూడా కనిపించింది. చిన్నది పుట్టక ముందు నేనే వేసుకున్న అతుకు, వంకరగా. భుజాలు నావే. కూర్చున్న తీరు కూడా నాదే, ఎడమ భుజం కొంచెం దింపి. అది కూడా చెప్పావా వాళ్లకి? మెడ తెగినప్పుడు ఆ గదిలో మగవాళ్లంతా తెర వైపు చూడటం మానేసి నా వైపు చూశారు. గుడ్డు వేసినవాడు కూడా. కమాండరు మళ్లీ వేయమంటారా అని అడిగాడు. వేయమన్నాను. రెండోసారి బొమ్మని చూడలేదు, సీటుని చూశాను. నిజమే, మొగ్గింది. నేను దానితో ఎన్నిసార్లు పైకెళ్లానో లెక్కపెట్టుకోవడం ఇష్టం లేదు.

మీ అన్నయ్యకి ఆ ఫిల్ము ఎప్పటికీ చూపించకు. ఇది అడుగుతున్నాను, ఆజ్ఞ కాదు.

నిన్ను క్షమించలేదు. స్పష్టంగా రాస్తున్నాను, తర్వాత మీ అన్నయ్య మధ్యలో దూరి కలిపేయాలని చూస్తే ఈ కాగితం చూపించు. నువ్వు చేసింది సరైనదే కావచ్చు. చేసేటప్పుడు నీ మొహం ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. ఆ మొహాన్ని క్షమించలేను. ఇంటికొస్తే ఒకే బల్ల మీద తింటాం, ఉప్పు అందించుకుంటాం. అంతకు మించి నా నుంచి ఆశించకు.

నన్ను కొత్తవాళ్లకి తర్ఫీదు ఇచ్చే పనిలో వేశారు. నిచ్చెన దాకా నాది, ఆపైన వాళ్లది.

నిన్న పిచ్చుక మొదటిసారి బక్కదాన్ని ఎక్కింది. యాభై ఒకటి. డాక్టరు ఈసారి సూటు విప్పించి తూచాడు, లేడీ నర్సుని పిలిపించి. పాపం, మొహమాటం మాన్పించాను ఆయన చేత. అది నిచ్చెన ఎక్కబోతుంటే ఆపాను. అందరి ముందూ, ఇంజను వాళ్లు చూస్తుండగా, దాని జేబులన్నీ నేనే తడిమాను. తొడలవి, చేతులవి, లోపలివి. మ్యాపు తీసి విప్పి చూసి మళ్లీ మడిచి పెట్టాను. పిల్ల మొహం కందగడ్డ అయిపోయింది.

"నా మీద నమ్మకం లేదా మేడం?" అంది.

"లేదు" అన్నాను. "ఎక్కు."

వదిన